ఒకే ఆదివారం గాలివానకు ఆరెంజ్ అలర్ట్, అడవికి మంటల హెచ్చరిక. మామిడి కోయాల్నా, ఆగాల్నా?

బేనిషాన్_పోరడు
శుక్రవారం, రాత్రి 9:40

అన్నలూ జర ఈ డౌట్ తీర్చండి. మాది కొల్లాపూర్ దిక్కు ఊరు, అడవి అంచుకే మా తోట, నాలుగెకరాల బేనిషాన్ మామిడి, దాన్ని ఆనుకొని రెండెకరాల యాసంగి వరి. వరి మొన్ననే మిషన్‌తోని కోపిచ్చినం, వడ్లు కల్లంల ఆరబోసి ఉన్నయి, తేమ ఇంకా 20 శాతం చూపిస్తుంది, కొనుగోలు సెంటర్ల 17కు దిగితె గని కాంటా పెట్టరు. నేను హైదరాబాద్‌ల జాబ్, ఊర్లె నాయిన, అమ్మ ఇద్దరే.

ఇయ్యాల ఐఎండీ (వాతావరణ శాఖ) బులెటిన్ చూసిన. శని, ఆదివారాలు మా నాగర్‌కర్నూల్ జిల్లాకు ఆరెంజ్ పెట్టిన్రు, ఉరుములు మెరుపులు, గంటకు 50–60 కిలోమీటర్ల ఈదురుగాలులు, అక్కడక్కడ వడగళ్లు అని. సరే. కని అండ్లనే ఎండ 41, 42 దాకా పోతదని కూడ ఉన్నది. మళ్ల పొద్దున ఫారెస్టోళ్లు వచ్చి ఊర్లె చెప్పిపోయిన్రంట, ఈ వారం అడవి అంటుకునే భయం ఎక్కువున్నది, కోతల తర్వాత మిగిలిన వరి కొయ్యలు కాలబెట్టొద్దు, అడవిల బీడి ముట్టియ్యొద్దు అని. నాయిన ఫోన్ల నవ్వుతుండు, "వానొస్తదని ఒకడంటడు, అగ్గంటుకుంటదని ఇంకొకడంటడు, వాళ్లకే తెల్వది బిడ్డా ఏదొస్తదో" అని. నాకు కూడ ఏం చెప్పాల్నో తెలుస్తలేదు. ఇది రెండు ఆఫీసులు ఒకరికొకరు మాట్లాడుకోక చెప్పే లెక్కనా, నిజంగనే రెండూ ఒకే రోజు ఉంటయా?

ఇంకొకటి, కాయ ఇంకో ఎనిమిది పది రోజులుంటే మంచి సైజ్ అయితది. గాలొస్తె మొత్తం రాలుతది. ఇప్పుడు కోస్తె రేటు రాదు. ఏం చేయాలె?

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ పక్క చేను ఆయన. వాన పడితె కొయ్యలు తడుస్తయి, మళ్ల కాలయి, అందుకే రేపు మధ్యాహ్నమే అంటపెడ్త అంటుండు. పోయినేడు గిట్లనే అంటపెడితె మా దిక్కు వచ్చి మూడు సాళ్ల డ్రిప్ పైపులు కరిగిపోయినయి, గట్టు మీది రెండు చెట్లు ఒకపక్క మాడిపోయినయి. నాయినకు ఆయనతోని లొల్లి పెట్టుకునుడు ఇష్టం లేదు.


మబ్బుల_మాస్టారు
శుక్రవారం, రాత్రి 10:25

తమ్ముడూ, రెండూ ఒకే రోజు ఉంటాయి. ఏప్రిల్లో ఉండటమే మామూలు. మీ నాయన అడిగినదే మా స్కూల్లో పిల్లలు కూడా అడిగేవాళ్లు, ఎండ ఇంత ఉంటే వాన ఎలా వస్తుంది సార్ అని. ఎండ ఇంత ఉంది కాబట్టే వస్తుంది రా అనేవాడిని.

ఈ రోజుల్లో మన నెత్తి మీద రెండు గాలులు కలబడుతూ ఉంటాయి. ఒకటి వాయవ్యం నుంచి మహారాష్ట్ర మీదుగా దిగే పొడి గాలి, ఆరేసిన చొక్కా అరగంటలో అప్పడం అయిపోతుంది చూడు, అది. రెండోది బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి, ఒళ్లంతా జిడ్డు పట్టించేది. టీవీలో విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి అని గడగడా చదివేస్తారు కదా, ఆ గీత దగ్గరే ఈ రెండూ ఎదురుపడేది. ఆ గీత ఒకచోట నిలవదు, ఈ రోజు మీ ఊరికి అటు ఉంటే రేపు ఇటు ఉంటుంది, అందుకే పొద్దున పెదాలు పగిలే ఎండ, సాయంత్రం ఉక్కపోత.

ఇప్పుడు ఆదివారం ఎలా నడుస్తుందో ఊహించుకో. పొద్దున 11 నుంచి మూడింటి దాకా 42 డిగ్రీల ఎండ, అడవిలో రాలిన ఆకు కరకరలాడుతూ ఉంటుంది, అప్పుడు నిప్పురవ్వ పడిందా అంతే. అదే ఎండకి నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది, కింద తేమ ఉంటే ఆ గాలి మబ్బు కట్టుకుంటూ 12, 14 కిలోమీటర్ల ఎత్తు దాకా పోతుంది, అదే మనవాళ్లు క్యుములోనింబస్ అని భయపెట్టేది. అంటే రెండింటికి అడవికి గండం, అయిదింటికి తోటకి గండం.

మధ్యలో ఒక అరగంట ఉంటుంది, అసలు భయపడాల్సింది దానికి. మబ్బులోంచి చినుకులు పడేటప్పుడు కింద గాలి పొడిగా ఉంటే సగం దారిలోనే ఆవిరైపోతాయి, ఆవిరవడానికి వేడిని ఆ గాలి నుంచే లాక్కుంటాయి, దాంతో గాలి చల్లబడి బరువెక్కి ధబేలుమని కిందకి దిగి నేలకి కొట్టుకుని నలుదిక్కులా పరుచుకుంటుంది. వానకి పది ఇరవై నిమిషాల ముందు చల్లగా ఒక దుమ్ముగాలి వస్తుంది కదా, హమ్మయ్య అని అందరం బయటకి వచ్చి నిలబడతాం, అది ఇదే. 50–60 అని రాసింది ఈ గాలికే. ఆ టైంకి ఎక్కడైనా కొయ్యలు కాలుతూ ఉన్నాయనుకో, అప్పటిదాకా తూర్పుకి పోతున్న మంట ఒక్కసారి పడమటికి తిరుగుతుంది. వాన వచ్చి ఆర్పుతుందిలే అనుకుంటే, వాన కంటే ముందు గాలి వచ్చి కూర్చుంటుంది. కొన్నిసార్లు వాన అసలు రాకుండా గాలి, పిడుగులు మాత్రమే వచ్చి పోతాయి. మీ పక్క చేను ఆయనకి ఇది ఒక్కటి చెప్పు చాలు.

ఇక రంగుల సంగతి. పసుపు అంటే ఓ కన్నేసి ఉంచు, ఆరెంజ్ అంటే సర్దుకుని సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే ఇక కదులు. అది జిల్లా మొత్తానికి వేసే రంగు. కల్వకుర్తి నుంచి శ్రీశైలం గట్టు దాకా మీదంతా ఒకటే జిల్లా, ఒక ఉరుముల మబ్బేమో అడ్డంగా పది కిలోమీటర్లు ఉంటే గొప్ప. కాబట్టి ముందు రోజు బులెటిన్ చూసి వడ్లు కప్పుకోవాలి గానీ మా ఊళ్లో పడుతుందా లేదా అని అందులో వెతక్కూడదు. దానికి నౌకాస్ట్ ఉంది, అంటే వచ్చే రెండు మూడు గంటల్లో ఏం వస్తుందో చెప్పేది, మూడేసి గంటలకి ఇస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అది చూస్తూ ఉండు. హైదరాబాద్ రాడార్ బొమ్మ కూడా చూడొచ్చు, కానీ మీ ఊరి దాకా వచ్చేసరికి ఆ కిరణం నేలకి మూడు కిలోమీటర్లు పైన పోతూ ఉంటుంది, పెద్ద మబ్బు కనపడుతుంది, చిన్న జల్లు తప్పించుకుంటుంది. పిడుగులకి దామిని యాప్ పెట్టుకో, చుట్టూ 20, 40 కిలోమీటర్లలో ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.


ఎండమావి_99
శుక్రవారం, రాత్రి 11:02

ఇవన్నీ థియరీ బ్రో. పోయిన వారం మాకు నల్గొండల ఆరెంజే, చుక్క పడలే. కల్లం కప్పుడు తీసుడు, కప్పుడు తీసుడు, వడ్లు ఆరుడు లేదు కూలి దండుగ. మా తాత మొగులు చూసి చెప్పేది వీళ్లకన్నా నయం.


మబ్బుల_మాస్టారు
శుక్రవారం, రాత్రి 11:15

మీ తాత కూడా మబ్బు కనపడ్డాకే చెప్పేవాడు కదా అబ్బాయ్, ముందు రోజు రాత్రి చెప్పమంటే ఆయన కూడా తడబడతాడు. నీ బాధ మాత్రం కరెక్టే, ఉత్తుత్తి అలర్టు పడిన రోజు కూలి డబ్బులు ఎవరూ ఇవ్వరు.


నూజివీడు_రసాలు
శనివారం, ఉదయం 6:10

బాబూ బేనిషాన్, మేం ఇరవై ఏళ్లుగా తోటలు గుత్తకి తీసుకుని చేస్తున్నామండీ, గాలి మాకు ఎంత తినిపించిందో చెప్తే మీ నాన్నగారు మా మీద జాలిపడతారు. కాబట్టి చెప్తున్నా, మొత్తం కోయొద్దు, మొత్తం వదలొద్దు.

కాయ దగ్గరకెళ్లి తొడిమ పక్కన భుజాలు చూడండి. భుజాలు తొడిమ కంటే పైకి లేచి అక్కడ చిన్న గుంట పడితే కాయ పాకానికొచ్చినట్టే. డౌటుంటే బకెట్లో నీళ్లు పోసి పది కాయలు వెయ్యండి, మునిగినవి పండుతాయి, తేలినవి ఇప్పుడు కోసి మాగేసినా తొక్క ముడతలు పడి చప్పగా ఉంటాయి. మునిగే కాయ ఎక్కువున్న చెట్లు గుర్తుపెట్టుకుని ఇవాళ పొద్దున్నే మొదలెట్టండి. అందులోనూ తోటలో గాలి మొహాన ఉన్న వరసలు, గట్టు మీద ఒంటరిగా ఉన్న చెట్లు, పై కొమ్మల చివర గుత్తులు, ఇవి ముందు. మీ తోటకి గాలి ఏ మూల నుంచి కొడుతుందో మీ నాన్నగారికి తెలుసు, పోయినేడు ఏ వరసలో ఎక్కువ రాలిందో అడగండి. లోపల వరసలు, కింద కొమ్మలు వదిలెయ్యండి, వాటి అదృష్టం. కాయ బరువుకి వంగిన కొమ్మలకి వెదురు ఊతకర్రలు పెట్టండి.

కోసేటప్పుడు అంగుళం తొడిమ ఉంచి కోయండి, సొన కారితే మచ్చ పడి రేటు దిగిపోద్ది. రాలిన కాయకి ఎటూ సొన అంటుద్ది, దెబ్బ కూడా తగులుద్ది, అది రెండో రోజుకి నల్లబడుద్ది, మార్కెట్లో అది పచ్చడికే. వాన పడ్డాక రాలింది అదే పూట ఏరి పంపెయ్యాలి, రేపు చూద్దాం అంటే ఎరువే.

ఇంకోటి, మరిచిపోయా. కాయ కోసే చిక్కం (వల కట్టిన) కర్ర అల్యూమినియందైతే మధ్యాహ్నం తర్వాత పట్టుకోవద్దని కూలోళ్లకి చెప్పండి. మా దగ్గర ఒకతను మబ్బు పట్టాక ఇంకో నాలుగు కాయలని చిక్కం ఎత్తాడు, పైన కరెంటు తీగ చూసుకోలేదు. ప్రాణం దక్కింది గానీ చెయ్యి ఇప్పటికీ సరిగా ముడవలేడు. ఉరుము వినపడితే చెట్టు కింద నుంచి బయటకొచ్చెయ్యడమే, మామిడి చెట్టు కింద గొడుగులా ఉందని నిలబడతారు అందరూ.


బోదగడ్డి
శనివారం, ఉదయం 7:35

నేను అచ్చంపేట దిక్కు. అన్నా మీ ఊరికి వచ్చి చెప్పిన్రంటే ఊకే చెప్పలే. నేను రెండు సీజన్లు ఫైర్ వాచర్‌గ పనిచేసిన అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌ల, ఎండకాలం అడవి ఎట్లుంటదో చెప్త.

మన నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి టేకు, తునికి, నల్లమద్ది అన్నీ ఆకు పారేస్తయి, మార్చి దాటినంక నడుస్తుంటే కాలు చీలమండ దాకా ఆకులకు పోతది, మధ్యల బోదగడ్డి నిలువెత్తు ఎండి ఉంటది. మన దగ్గర మంట చెట్ల మీంచి మీదికి దుంకది, కింద ఆకును తినుకుంట పాకుతది. రాత్రి దూరంకెల్లి చూస్తె కొండ మీద ఎర్ర దండ ఏసినట్లు ఉంటది, చూడనీకి మస్తుంటది, దగ్గరికి పోతె గుండె జారుతది. పెద్ద చెట్టుకు ఏం కాదు, మొక్కలు పోతయి, పాములు, తాబేళ్లు, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు పోతయి.

ఎట్ల అంటుకుంటది అంటే పిడుగుతోని మన దగ్గర మస్తు తక్కువ, నూటికి తొంబై మనుషులే. ఇప్పపూలు ఏరనీకి చెట్టు కింద ఆకు ఊడ్చుడు కష్టమని అంటపెడ్తరు, బూడిదల తెల్లపూలు మంచిగ కనపడ్తయని. తునికాకు లేత చిగురు రావాల్నని కొందరు. మా అమ్మ కూడ ఏరేది ఇప్పపూలు, తప్పు అనుకోలే అప్పట్ల, చీపురుతో ఊడ్చి ఏరుండ్రని ఇప్పుడు చెప్తరు. బీడి ముక్కలు, వంట చేసుకొని సగం ఆర్పి పోయేటోళ్లు వేరే. ఇంకా అడవి అంచు పొలాల కొయ్యలు, అంటే మీ పక్క చేను ఆయన.

మంట ఉన్నదని ఉపగ్రహం చూసి డెహ్రాడూన్ ఫారెస్ట్ సర్వే కాడికెల్లి బీట్ ఆఫీసర్‌కు మెసేజ్ వస్తది, జాగ పాయింట్‌తో సహా. కని ఉపగ్రహం రోజుకు కొన్ని మాట్లనే పోతది, మధ్యాహ్నం మూడింటికి అంటుకున్నది అది మళ్ల వచ్చేసరికి గుట్ట ఎక్కుతది. మేం పోయేది బ్లోయర్లు, పచ్చి కొమ్మలు పట్టుకొని. బ్లోయర్‌తోని ఆకు అటు ఇటు తోలి మూడు గజాల బాట తీస్తం, మంట ఆడికొచ్చి తిననీకి ఏం లేక ఆగిపోతది. ఫైర్ లైన్లు అంటే ఇదే, ఎండలు ముదరకముందే గీస్తరు.

ఒకసారి గిట్లనే మబ్బు పట్టింది, వానొస్తది ఇంక బంద్ చేద్దామని కూసున్నం నలుగురం. మాస్టారు చెప్పిన గాలి వచ్చింది. మంట మాకు ముందట పోతుండె, ఒక్క నిమిషంల మా దిక్కు తిరిగింది, నిప్పురవ్వలు మా బాట మీదికెల్లి దుంకి వెనక పడ్డయి. కాలిపోయిన నల్లనేల మీదికి ఉరికినం, చెప్పులు అంటుకపోయినయి కని బతికినం. వాన ఆ రోజు నాలుగు చినుకులే పడ్డది.


బేనిషాన్_పోరడు
శనివారం, ఉదయం 8:05

మీ అందరి పోస్టులు నాయినకు చదివి వినిపిచ్చిన. చిక్కాలు పట్టుకొని ఆరుగురు కూలోళ్లను దించిండు, గట్టు వరసలు కోస్తున్నరు. బకెట్ల పదేస్తె ఏడు మునిగినయంట. పక్క చేను ఆయన మాత్రం ఇంటలేడు. నేను ఇప్పుడే బస్సెక్కిన.


టెక్సాస్_తెలంగాణోడు
శనివారం, ఉదయం 9:20

నేను డాలస్ దగ్గర ఉంటా, మాకు ఇక్కడ ఈ రెండూ కలిసి రావడం ప్రతి మార్చిలో ఉండేదే. మాస్టారు చెప్పిన గీతకి ఇక్కడ డ్రైలైన్ అంటరు, తూర్పున గల్ఫ్ నుంచి తేమ, పడమర ఎడారి పొడిగాలి. ఆ గీతకి తూర్పున టోర్నడో భయం, పడమరన మంటలకి రెడ్ ఫ్లాగ్ వార్నింగ్, ఒకే మ్యాప్ మీద ఒకే రోజు. 2025 మార్చి 14న ఓక్లహోమాలో వందకి పైగా మంటలు లేచినయి, అదే సిస్టమ్ ఆ రాత్రి మిస్సోరి దిక్కు టోర్నడోలు దింపింది. మా ఇంటి మీద ఆకాశం ఆ రోజు మట్టి రంగు, మధ్యాహ్నమే కార్లకు లైట్లు వేసుకున్నం.

ఇంకొకటి చెప్పాలని లాగిన్ అయిన. 2024 ఫిబ్రవరి 26న మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట పది లక్షల ఎకరాలకి పైగా కాల్చింది, టెక్సాస్ చరిత్రలోనే పెద్దది, దానికి కారణం కరెంటు లైన్ అని తేలింది. మూడు రోజులకి దాని మీద మంచు కురిసింది చూడండి విచిత్రం. కాబట్టి తమ్ముడూ, పక్కాయన అగ్గిపుల్ల గీయకున్నా సరే, మీ తోట మీద వదులుగా వేలాడే వైర్లు ఏమన్న ఉన్నయా చూసుకో, గాలికి రెండు తీగలు తగిలి నిప్పులు రాలితే కింద కొయ్యలే ఉంటయి. లైన్‌మన్‌కి ఇవాళే ఫోన్ చేయించు.


గట్టు_పంచాయితీ
శనివారం, ఉదయం 10:40

పక్కాయన సంగతి మా ఊళ్లో ఎలా తేల్చుకున్నామో చెప్తాను. పోట్లాడితే ఇంకా మొండికేస్తాడు. రిజర్వు ఫారెస్టులోకి నిప్పు పోతే 1967 అటవీ చట్టం కింద కేసు అవుతుంది, పేరు ఆయనదే రాస్తారు, ఆ మాట మీ నాన్నగారు కాకుండా బీట్ ఆఫీసర్ నోటి నుంచి వస్తే పని జరుగుతుంది. ఆయనకి కొయ్యలు కాల్చకపోతే నష్టమేమీ లేదని కూడా చూపించాలి, వాన పడ్డాక తడిలో దున్నించి ఎకరానికి ఒక బస్తా సూపర్ ఫాస్ఫేట్ చల్లితే కొయ్యలు కుళ్లి ఎరువవుతాయి, వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేది కూడా అదే. మీరు మాత్రం ఆయన్ని నమ్ముకుని కూర్చోకుండా మీ గట్టు వెంట ట్రాక్టర్‌తో నాలుగు సాళ్లు దున్నించండి, అక్కడ నిప్పుకి తినడానికి ఏమీ ఉండకూడదు. డ్రిప్ పైపులు చుట్టి పక్కన పెట్టెయ్యండి.

వడ్లు కుప్ప చేసి పట్టాలు కప్పి అంచుల మీద రాళ్లు కాదు, మట్టి బస్తాలు పెట్టండి. కుప్ప చుట్టూ కాలవ తీయండి, పైన ఎంత కప్పినా కింద నుంచి నీళ్లొస్తాయి.

నష్టం జరిగితే ఆ రోజే ఫోటోలు తీసి ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) గారికి పంపండి, పంట నష్టం 33 శాతం దాటితేనే లెక్కలోకి తీసుకుంటారు, మీరు రాలిన కాయ ఏరేశాక ఆయనొచ్చి చూస్తే చెట్టు కింద ఏముంటుంది. 2023 మార్చి వడగళ్లకి ఎకరానికి పది వేలు ప్రకటించారు, మావాళ్లు కొందరు ముందు ఏరేసి తర్వాత నెత్తి కొట్టుకున్నారు.


ఎండమావి_99
శనివారం, రాత్రి 8:50

ఇంతకు ఇయ్యాల పడ్డదా? 😀


బేనిషాన్_పోరడు
ఆదివారం, రాత్రి 10:15

నిన్న పడలే అన్నా, ఉత్త ఉక్కపోత. పక్కాయన దగ్గరికి బీట్ ఆఫీసర్ వచ్చి చాయ్ తాగుకుంట మాట్లాడిపోయిండు, అంటపెట్టలే కని నాయినతోని మాట బంద్ చేసిండు.

ఇయ్యాల వచ్చింది. మూడున్నరకు నౌకాస్ట్ మెసేజ్, నాలుగింటికి దామినిల పెబ్బేరు దిక్కు చుక్కలు. నాలుగు నలభైకి కృష్ణ అవతలి ఒడ్డుకెల్లి ఎర్రగ దుమ్ము లేసింది, గోడ లెక్క, అమ్మ బట్టలు తియ్యనీకి దాబా ఎక్కింది, దిగేసరికి కండ్ల నిండ మట్టి. పావుగంట గాలే. తోటల ధప్ ధప్ అని చప్పుడు ఇంటి దాక వినొచ్చింది, నాయిన అరుగు మీద కూసొని ఏ చెట్టు కాయో పేరు పెట్టి చెప్తుండు. తర్వాత ఇరవై నిమిషాలు వాన, శెనగల సైజు రాళ్లు కొన్ని. వడ్ల కుప్ప మీది పట్ట ఒక మూల లేసింది, రెండు బస్తాల మేర తడిసినయి, మిగతాది బాగుంది.

గట్టు వరసలు కోసినం గనక అక్కడ రాలనీకి ఏం లేకుండె. లోపలి వరసల రాలింది ఎనభై తొంబై బుట్టలు ఉంటది, లైట్ పట్టుకొని ఏరుతున్నం ఇంకా. ఫోటోలు తీసి ఏఈవో సార్‌కు పంపిన. పొద్దుందాక ఎదురుగ గుట్ట మీద ఒక ఎర్రగీత కనపడుతుండె, వాన పడ్డంక కనపడ్తలేదు.

రసాలు అన్నా, రాలిన కాయ పచ్చడికి మీ దిక్కు ఎవరన్న కొంటరా? రేపు పొద్దుగాల వరకు ఉంటది.


నూజివీడు_రసాలు
ఆదివారం, రాత్రి 10:40

అంత దూరం నుంచి తెచ్చేసరికి కిరాయి కూడా రాదు బాబూ. రాత్రికి రాత్రే దగ్గర్లో పచ్చళ్లు పట్టేవాళ్లకి ఫోన్లు చెయ్యండి. పగిలినవి వేరు చేసి, దెబ్బ లేనివి పైన పెట్టి పంపండి, రెండూ కలిపితే మొత్తం పగిలిన రేటుకే అడుగుతారు.